హోర్డింగు చూసి సంతకం పెట్టొద్దు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ ఏడాది ఉద్యోగం కోసం గడప దాటబోయే పిల్లలకూ, వాళ్ల వెనక నిలబడి సర్టిఫికెట్లు జెరాక్సు తీయించే తల్లిదండ్రులకూ ఈ హెచ్చరిక. కంపెనీ తన గురించి చెప్పుకునే కథ ఒకటి, ఆ కంపెనీలో రోజు గడిచే తీరు ఇంకొకటి. మొదటిది హోర్డింగు మీద, టీవీలో, ఫోను తెరమీద ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. రెండోది షిఫ్టులో చేరాక గానీ తెలియదు. ఈ రెండిటికీ మధ్య ఎడం పెరిగితే ముందు నష్టపోయేది మీరే. ఆ తర్వాత ఫ్యాక్టరీ పక్కనున్న ఊరు. ఆఖరున, అదీ చాలా ఆలస్యంగా, కంపెనీ.

ఇంత తొందరగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మన చుట్టూ పెద్ద పేర్లు ముసురుకుంటున్నాయి. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో మొదలైన శ్రీసిటీ నుంచి ఇవాళ చాక్లెట్లు, టూత్‌పేస్టు, ఏసీలు, వాహనాలు దేశమంతా వెళ్తున్నాయి. 2025 మే నెలలో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ అక్కడే 5 వేల కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రోజు పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచింది. ఆడవాళ్లు సమ్మతిస్తే రాత్రి షిఫ్టులో కూడా పెట్టుకోవచ్చంది. రవాణా, కాపలా, వెలుతురు వంటి షరతులు కాగితం మీద బాగానే ఉన్నాయి. సమ్మతి సంగతే చూడాలి. సూపర్‌వైజరుకు కుదరదని చెప్పి, మర్నాడు అదే లైన్లో తలెత్తుకుని నిలబడగలిగే చోట అది నిజంగా సమ్మతే. కుదరదన్న పిల్ల పేరు వచ్చే నెల జాబితాలో ఉండదని అందరికీ తెలిసిన చోట అది ఉత్త సంతకం. చట్టం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా లోపలి తీరులో ఉంది. దాన్ని ఏ ప్రకటనా చూపించదు.

ఎల్‌జీ అనగానే మన రాష్ట్రానికి ఇంకో రాత్రి గుర్తుకు రావాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. శ్రీసిటీకి వస్తున్నది అదే గ్రూపులోని వేరే కంపెనీ, చేసే పని కూడా వేరు. ఒకదాని తప్పును ఇంకొకదాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ ఆ ప్రమాదంపై ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల తర్వాత ఏం చెప్పిందో మాత్రం ఉద్యోగానికి పోయే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. ట్యాంకులో ఉష్ణోగ్రతను సరిగ్గా కనిపెట్టి చూడలేదు. చల్లబరిచే యంత్రాలను రోజంతా నడపలేదు. స్టైరీన్ గడ్డకట్టకుండా కలపాల్సిన రసాయనం సరిపడా లేదు. సైరన్లు ఉన్నా మోగించలేదు. ఇందులో శాస్త్రవేత్తలకు మాత్రమే అర్థమయ్యే సంగతి ఒక్కటీ లేదు. అన్నీ రోజువారీ అలవాట్లే. ఎవరో ఒకరు ఒక పూట చూడాల్సింది చూడకుండా వదిలేశారు, అడగాల్సినవాళ్లు అడగలేదు, కొన్నాళ్లకు అదే పద్ధతైపోయింది. కంపెనీ సంస్కృతి అని సెమినార్లలో చెప్పేది దీన్నే. గోడ మీద రాసే విలువల పట్టికకూ దానికీ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు.

మన సరిహద్దు దాటితే శ్రీపెరుంబుదూరు. 2021 డిసెంబరులో అక్కడ ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ ఆడపిల్లలు హాస్టల్ భోజనం తిని వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. తోటి పిల్లలు చెన్నై–బెంగళూరు హైవే మీద బైఠాయించారు. అప్పటికి గానీ ఆ హాస్టళ్లు, భోజనశాలలు తన ప్రమాణాలకు తగ్గట్టు లేవని యాపిల్ ఒప్పుకోలేదు. ఫోను అంచు ఏ మేరకు వంపు తిరగాలో వెంట్రుకవాసి లెక్కచూసే సంస్థకు, ఆ ఫోను బిగించిన పిల్ల ఎక్కడ పడుకుంటోందో రోడ్డెక్కితే తప్ప తెలియలేదు. నాయుడుపేట, సూళ్లూరుపేట, నాగలాపురం, పుత్తూరు వైపు నుంచి తెల్లారకముందే కంపెనీ బస్సులెక్కే పిల్లల ఇళ్లలో ఈ సంగతి ఎంతమందికి గుర్తుందో!

బయటి ఊళ్ల సంగతులు చాలు. మన ఇంటి సంగతికి వద్దాం. తిరుమల తిరుపతి దేవస్థానం కంపెనీ కాదు, లడ్డూ అంగడి సరుకు కాదు, ఈ పోలికకు భక్తులు నొచ్చుకోవద్దు. కానీ చెప్పే కథకూ జరిగే పనికీ మధ్య ఎడం ఎలా పుడుతుందో అర్థం కావాలంటే ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

లడ్డూకున్నంత కథ భూమ్మీద ఇంకే తినుబండారానికీ లేదంటే తిరుపతిలో కాదనేవాళ్లుండరు. లడ్డూలు చేసే వంటశాల పోటు ఉంది, పోటులో ఆ పనే బతుకుగా పెట్టుకున్న మనుషులున్నారు, తూచినట్టు దిట్టం ఉంది. 5,100 లడ్డూలకు 803 కిలోల సరుకు: ఆవు నెయ్యి 165, శనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోకుండా. నెయ్యి ఎన్ని కిలోలు పోయాలో దిట్టం చెప్తుంది. వచ్చింది నెయ్యేనా అని చెప్పాల్సింది మాత్రం టెండరు కాగితం, ట్యాంకరు మూత తెరిచే మనిషి, ప్రయోగశాల.

సరిగ్గా ఆ చివరి మూడు చోట్లే తేడా వచ్చింది. ఇచ్చే ధరకు తాము సరఫరా చేయలేమని కర్ణాటక నందిని డెయిరీ 2023లో పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత కిలో 320 రూపాయలకు కూడా ఆవు నెయ్యి ఇస్తామన్నవాళ్లు వచ్చారు. పల్లెలో పాడి ఉన్న ఏ ఇంటి ఆడమనిషిని అడిగినా ఆ ధరకు నెయ్యి ఎట్లా వస్తుందని నవ్వుతుంది. 2024 జులైలో నమూనాలను గుజరాత్‌లోని ఆనంద్‌కు, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రయోగశాలకు పంపితే కల్తీ మాట బయటికొచ్చింది. కల్తీని పట్టుకునే సొంత ప్రయోగశాల దేవస్థానానికి లేదని, సరఫరాదారులు దాన్నే అలుసుగా తీసుకున్నారని ఆ సెప్టెంబరులో అప్పటి కార్యనిర్వహణాధికారే విలేకరుల ముందు చెప్పారు. అక్టోబరు 4న సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. 2025 ఫిబ్రవరిలో డెయిరీలకు చెందిన నలుగురు అరెస్టయ్యారు. ఇక్కడ తిరస్కరించి వెనక్కి పంపిన ట్యాంకర్లే పేరు మార్చుకుని మళ్లీ కొండెక్కాయన్నది దర్యాప్తులో వచ్చిన ఆరోపణల్లో ఒకటి. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. పార్టీల వాదులాట దాని దారిన అది సాగుతుంది.

మనం పట్టుకోవాల్సింది వేరే ఉంది. కోట్లమంది కళ్లకద్దుకునే ప్రసాదానికి, ఏటా వేల కోట్ల బడ్జెట్ ఉన్న సంస్థకు, కల్తీ పట్టే యంత్రం కొనడం ఎప్పుడూ ఒక భారం కాదు. మరి ఎందుకు కొనలేదు? స్వామివారి నెయ్యిలో కల్తీ చేసేంత ధైర్యం ఎవరికుంటుందన్న నమ్మకమే అడ్డుపడి ఉంటుంది. కథ గొప్పదైనకొద్దీ తనిఖీ అక్కర్లేదనిపిస్తుంది. తనిఖీ అడిగినవాడు అనుమానపు మనిషిలా, అపచారం చేసినవాడిలా కనిపిస్తాడు. బ్రాండ్ కథలు జనాన్ని మభ్యపెడతాయని అందరూ అంటారు. నిజానికి అవి ముందుగా నిద్రపుచ్చేది లోపల పనిచేసేవాళ్లను. ఈ హెచ్చరికంతా ఆ నిద్ర గురించే.

సత్యం కంప్యూటర్స్‌లో జరిగిందీ ఇదే. మన రెండు జిల్లాల ఇంజినీరింగ్ పిల్లలకు అక్కడ ఉద్యోగం దొరికితే పెళ్లి సంబంధాలు వెతుక్కుంటూ వచ్చిన కాలం అది. 2005లో మొదలైన 108 అంబులెన్సు వెనక ఆ కంపెనీ అధిపతి రామలింగరాజే ఉన్నాడు. 2008 సెప్టెంబరులో మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో దాదాపు 7 వేల కోట్ల రూపాయలు లెక్కల్లో తప్ప ఎక్కడా లేవని తేలింది. బ్యాంకులో డబ్బుందా అని నేరుగా బ్యాంకునే అడిగి రూఢి చేసుకోవాల్సిన ఆడిటర్లు ఏళ్ల తరబడి ఆ పని సరిగ్గా చేయలేదు. అంత మంచి పేరున్న కంపెనీని పట్టుకుని అంత చిన్న ప్రశ్న అడగడం వాళ్లకు నామోషీ అనిపించిందేమో! 108 మంచి పనే. ఇవాళ్టికీ ప్రాణాలు నిలబెడుతోంది. లోపల జరిగిన మోసాన్ని ఆ మంచి పనీ ఆపలేకపోయింది, ఆ మోసం ఈ మంచినీ చెరపలేకపోయింది. ఒకే ఇంట్లో రెండూ ఉండగలవు. కంపెనీ స్కూలు కట్టించింది కాబట్టి ఫ్యాక్టరీ భద్రంగా ఉంటుందని అనుకునే ఊళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన మట్టిలో పుట్టిన కంపెనీల దగ్గరికొస్తే ప్రశ్న అడగడం ఇంకా కష్టం. పేటమిట్టలో పుట్టి అమెరికా వెళ్లిన గల్లా రామచంద్ర నాయుడు తిరిగొచ్చి 1985లో అమరరాజా పెట్టారు. 2000లో అమరాన్ బ్యాటరీ వచ్చింది. కరకంబాడి నుంచి వెళ్లే ఆ పచ్చ డబ్బాను దేశంలో ఏ మెకానిక్ షెడ్డులో చూసినా మనవాళ్లకు ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగాల్సిందే. బెంగళూరుకో, చెన్నైకో పోవాల్సిన ఎన్నో ఇళ్లకు సొంత ఊళ్లోనే అన్నం పెట్టిన కథ అది.

అయితే 2021 ఏప్రిల్ చివర్లో కాలుష్య నియంత్రణ మండలి సీసం కారణంగా చూపి కరకంబాడి, చిత్తూరు దగ్గరి నూనెగుండ్లపల్లె ఫ్యాక్టరీలను మూసేయమంది. వారం తిరక్కుండానే హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపేసింది. రాజకీయ కక్ష అని ఒకరు, కార్మికుల రక్తంలో సీసం అని ఇంకొకరు. ఊళ్లలో ఎవరి పార్టీని బట్టి వాళ్లు నమ్మారు. ఎవరిది నిజమో తేల్చే పని ఇక్కడ పెట్టుకోవడం లేదు. కానీ ఒకటి అడగక తప్పదు. గాలిలో, నీళ్లలో, పనివాళ్ల రక్తంలో ఎంత ఉందన్న కొలతలు పంచాయతీ ఆఫీసు గోడ మీద ప్రతి నెలా తెలుగులో అంటించి ఉంటే, ఆ వేసవిలో పార్టీని బట్టి నమ్మాల్సిన అవసరం ఉండేదా? అంకెలు బయట ఉండడం మంచి కంపెనీకే ఎక్కువ రక్షణ. 2023 జనవరి 30న అదే నూనెగుండ్లపల్లె ఫ్యాక్టరీలో పెద్ద అగ్ని ప్రమాదం జరిగింది. లోపలున్న షిఫ్టు మొత్తం బయటపడింది, ఒక్క ప్రాణం పోలేదు. పనివాళ్లందరూ ఎట్లా బయటికి రాగలిగారో, ఎవరు ఎవరిని పిలిచారో, ఏ తలుపు తెరిచి ఉందో ఒక చిన్న సినిమాగా తీసి చూపిస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందని చెప్పే వంద ప్రకటనలకంటే అది గట్టి సాక్ష్యం. అటువంటి కథలు మాత్రం ఎవరూ రాయించరు.

రైతు నవ్వు మొహం అచ్చువేసిన మామిడి గుజ్జు డబ్బాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2025 వేసవిలో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. ఆ 8 కూడా చేతికి రావడం లేదని చిత్తూరు రైతులు మొత్తుకున్నారు. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు కాయ ట్రాక్టర్లలోనే మగ్గింది. డబ్బా మీది బొమ్మలో మాత్రం రైతు నవ్వుతూనే ఉన్నాడు.

యజమానులకు కూడా ఒక మాట. కథ రాసిపెట్టే సలహాదారులు ఇప్పుడు తిరుపతిలోనూ దొరుకుతున్నారు. డ్రోన్ షాటు, ఏడుకొండలు, పొద్దుపొడుపు, పనివాళ్ల నవ్వులు, వెనక వేణువు. రీలు బాగానే ఉంటుంది. 'మనమంతా ఒకే కుటుంబం' అని హెచ్‌ఆర్ అధికారి ఉగాది రోజు మైకులో చెప్తాడు. కుటుంబమైతే ఓవర్‌టైం డబ్బు అడగడం తప్పు, సెలవు అడగడం ద్రోహం, ఫిర్యాదు చేయడం ఇంటి గుట్టు బయటపెట్టడం. ఆ మాట వినసొంపుగా ఉంటుంది కాబట్టే దానితో జాగ్రత్తగా ఉండాలి. రీలుకు డబ్బు కట్టే ముందు యజమాని తన ఫ్యాక్టరీలో ఒక్క సంగతి విచారించుకుంటే చాలు: కిందటి ఏడాది ఏ కార్మికుడైనా, ఏ ల్యాబ్ అసిస్టెంటైనా ఈ సరుకు బాగోలేదని, ఈ మిషను ఆపాలని చెప్పాడా? చెబితే లైను ఆగిందా? ఆ మనిషి ఇంకా ఉద్యోగంలో ఉన్నాడా? ఒక్కరూ చెప్పలేదంటే అంతా సవ్యంగా ఉందని సంబరపడొద్దు. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయి ఉండొచ్చు. ఇలా చెడ్డవార్త పైదాకా రాకపోవడమే జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వాగన్‌ను ముంచింది. శుభ్రమైన డీజిల్ అని అమెరికా అంతా ప్రకటనలిచ్చి, పొగ పరీక్షను ఏమార్చే సాఫ్ట్‌వేర్ పెట్టి, 2015లో దొరికిపోయింది. అంత పెద్ద ఇంజినీర్ల గుంపులో అనుకున్న గడువుకు ఇది కుదరదని పైవాళ్లకు చెప్పి ఒప్పించగలిగినవాళ్లు లేకపోయారు.

ఇప్పుడు పిల్లలు, తల్లిదండ్రులు చేయాల్సిన పని. చేరే ముందు, సంతకం పెట్టే ముందు, మెడలో వేసే కార్డు మీద ఎవరి పేరుంటుందో అడగండి. చొక్కా మీద పెద్ద బ్రాండు పేరుండి, కార్డు మీద, జీతం చీటీ మీద ఎవరో కాంట్రాక్టరు పేరుంటే మీ ఉద్యోగం ఆ కాంట్రాక్టరు దగ్గరే. చేయి నలిగినా, జీతం ఆగినా ముందు తిరగాల్సింది అతని చుట్టూనే. ఆ పేరును ఈపీఎఫ్‌వో వెబ్‌సైటులో సంస్థల వివరాలు వెతికే చోట కొట్టి చూడండి. ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో ఎవరైనా చూడొచ్చు. వెయ్యిమంది పనిచేస్తున్నారని చెప్పేచోట రెండు వందల మందికే కడుతుంటే మిగతా కథ మీరే ఊహించుకోవచ్చు. స్టాక్ మార్కెట్లో ఉన్న పెద్ద వెయ్యి కంపెనీలు 2022–23 నుంచి సెబీ నిబంధన ప్రకారం ఏటా ఒక బాధ్యతా నివేదిక ఇచ్చి తీరాలి. ఎన్ని ప్రమాదాలు జరిగాయి, ఎంతమంది ఉద్యోగం మానేశారు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని, పర్మనెంటు ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, అన్నీ అందులో ఉంటాయి. ఇంగ్లీషులో ఉంటుంది, చదవడానికి విసుగ్గా ఉంటుంది. మీ ఊళ్లో డిగ్రీ చదివిన పిల్ల ఒక గంట కూర్చుంటే చాలు. ఆ గంట పెట్టకుండా మూడేళ్లు పెట్టొద్దు.

హాస్టల్ ఇస్తామంటే ముందు హాస్టల్ చూడండి, ఫ్యాక్టరీ తర్వాత. ఒక గదికి ఎంతమంది, నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, రాత్రి కడుపునొప్పి వస్తే బండి ఎవరు పిలుస్తారు? అక్కడ ఇప్పటికే ఉన్న పిల్లతో వార్డెను లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడనివ్వమని అడగండి. మాట్లాడనివ్వకపోతే అదే మీకు జవాబు. పదిమంది గానీ అంతకుమించి గానీ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. దాంట్లో ఎవరెవరున్నారో అడిగితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తడుముకోకుండా చెప్పగలగాలి. ఇవన్నీ అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయం ఉంటుంది. ఒకరే అడిగితే నిజమే కావచ్చు. ఒక ఊరి నుంచి వెళ్లే ఇరవై మందీ అడిగితే ఇరవై మందినీ వెనక్కి పంపే కంపెనీ లేదు, ఎందుకంటే వాళ్లకూ మనుషులు కావాలి.

ఇక జిల్లా యంత్రాంగం. పెట్టుబడుల సదస్సుల్లో కంపెనీల తరఫున మాట్లాడేవాళ్లే, తర్వాత అదే కంపెనీని తనిఖీ చేయాల్సినవాళ్ల పైఅధికారులు. రెండు పనులూ ఒకే గొంతుతో చేయడం కష్టమని వేరే చెప్పక్కర్లేదు. మా పత్రికలు కూడా నిండు పేజీ ప్రకటనల మీదే బతుకుతున్నాయి, కాబట్టి ఎవరి మాటను ఎంతవరకు నమ్మాలో పాఠకులు లెక్క వేసుకోవడం మంచిదే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక నిబంధన చేర్చారు. ప్రమాదకరమైన పని చేసే ఫ్యాక్టరీ ఆ ప్రమాదమేమిటో, దాన్ని ఎలా ఎదుర్కోవాలో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలి. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యత అలాగే ఉంది. మన రెండు జిల్లాల్లో ఎన్ని ఊళ్లకు ఆ కాగితం చేరిందో కలెక్టర్లు ఈ నెలలోనే ప్రకటించాలి. కరకంబాడి, రాచగున్నేరి, బంగారుపాళెం, సత్యవేడు, వరదయ్యపాళెం గ్రామసభల్లో దాన్ని గట్టిగా చదివి వినిపించాలి, చదివింది తెలుగులో ఉండాలి. ప్రమాదం జరిగితే మోగే సైరను ఒక్కసారైనా ముందుగా మోగించి, ఎటు పరుగెత్తాలో పిల్లలకు, ముసలివాళ్లకు నడిపించి చూపించాలి. శ్రీసిటీలో ఇప్పుడు కడుతున్న ఫ్యాక్టరీల్లో మొదటి షిఫ్టు ఎక్కకముందే ఇదంతా జరిగిపోవాలి.